శశికాంత్ స్మారక పేజీ

కుందేరు సిస్టమ్స్ వెబ్‌సైట్‌లో ప్రతి పేజీకీ ఒకటే టైటిల్ ఉండేది: "వెల్‌కమ్ టు అవర్ హోమ్ పేజ్." ఉద్యోగాల పేజీకీ అదే, కంపెనీ చరిత్ర పేజీకీ అదే, ఆఖరికి ఆఫీసుకి దారి చూపే మ్యాపుకీ అదే. సెర్చ్‌లో కంపెనీ పేరు కొడితే నీలం అక్షరాల్లో ఆ స్వాగతమే ఒకదాని కింద ఒకటి దిగేది. పెళ్ళి గుమ్మంలో పన్నీరు చల్లేవాడు చుట్టాల్ని లోపలికి పోనివ్వకుండా చల్లుతూనే ఉన్నట్టు.

"మర్యాదగానే ఉండాది గదమ్మా, ఏం తప్పు?" అన్నాడు లక్ష్మీపతి.

ఆయన కంపెనీ ఓనరు. నంద్యాల మనిషి, ఊళ్ళో పారే ఏటి పేరే కంపెనీకి పెట్టుకున్నాడు. వర్జీనియాలో, హెర్న్‌డన్‌లో, ఎల్డెన్ స్ట్రీట్ మీద పళ్ళ డాక్టరు పై అంతస్తులో మూడు గదుల ఆఫీసు. వ్యాపారం ఏమిటంటే మనుషులు. మన దేశం నుంచి హెచ్-వన్ వీసా మీద మనుషుల్ని రప్పించడం, వాళ్ళని పెద్ద కంపెనీల ప్రాజెక్టుల్లో కూర్చోబెట్టడం. ప్రాజెక్టు అయిపోతే మళ్ళీ ఇంకోటి దొరికేదాకా వాళ్ళు "బెంచ్ మీద" ఉన్నట్టు లెక్క. బెంచ్ అంటే నిజంగా బెంచీ ఏమీ కాదు, కంపెనీ గెస్ట్‌హౌస్‌లో కార్పెట్ మీద పరుపులు.

కావ్యశ్రీ ఆ ఏడు చలికాలం చివర్లో బెంచ్ మీదికొచ్చింది. జగిత్యాల పిల్ల. ఖాళీగా కూర్చోబెట్టడం ఎందుకని లక్ష్మీపతి ఆమెకి సైటు పని అప్పజెప్పాడు. ఈ విద్య ఆమెకి ఎవరూ నేర్పలేదు. చదివింది, చేసి చూసింది, చెడగొట్టింది, మళ్ళీ చేసింది. అంతే.

"సర్, టైటిల్ అంటే మనం చెప్పాలనుకున్నది కాదు, వెతికేటోడు ఏం కొడతడో అది" అంది ఆయనతో. "వాడెవడు? ఏ ఊరోడు? ఏం కావాల్నని వచ్చిండు? అది తెలుసుకొని వాని మాటలే ముందు పెట్టాలె. లైను పొడుగైతే తోక తెగిపోతది, అందుకే మన పేరు చివర పెట్టుకోవాలె. పేజీకో టైటిల్. స్వాగతం ఎవ్వడూ వెతకడు సర్."

లక్ష్మీపతికి నచ్చింది. ఉద్యోగాల పేజీ టైటిల్ "వర్జీనియాలో జావా ఉద్యోగాలు, హెచ్-వన్ స్పాన్సర్" అని మారింది. వసంతం వచ్చేసరికి ఫోన్లు మోగడం మొదలైంది. "నా మనిషిని చూడండ్రా, ఒక్క లైనుతో ఫోను మోగించింది" అని ఆయన అందరికీ చెప్పుకున్నాడు. ఆమెకి కొంచెం గర్వంగానే ఉండేది. ఎందుకుండదు? మోసమేదైనా ఉంటే పేజీ లోపల ఉంటుంది, తను రాసింది తలుపు మీద బోర్డే కదా అనుకునేది. బోర్డులు రాసేవాళ్ళందరూ అలాగే అనుకుంటారు.

ఏప్రిల్‌లో శశికాంత్ చచ్చిపోయాడు.

అతను కూడా బెంచ్ మీదివాడే. పెళ్ళయినవాడు కాబట్టి గెస్ట్‌హౌస్‌లో కాకుండా స్టెర్లింగ్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో భార్యతో ఉండేవాడు. రోజూ ఆఫీసుకొచ్చి మైక్రోవేవ్ ముందు నిలబడి ఇంటర్వ్యూ జవాబులు పైకి చెప్పుకుంటుండేవాడు. "థాంక్యూ ఫర్ ది ఆపర్చునిటీ" అని మైక్రోవేవ్‌కి చెయ్యి చాచేవాడు. కావ్యశ్రీ నవ్వితే, "నవ్వకు, ఇది నాకు రెండో రౌండ్ ఇచ్చింది తెలుసా" అనేవాడు. అలాంటివాడికి కడుపునొప్పి వచ్చింది. అపెండిక్స్. పగిలిపోయింది. ఆస్పత్రికి ఆలస్యంగా వెళ్ళాడు, నొప్పిని అశ్రద్ధ చేశాడు, మన పిల్లలు ఒంటిని పట్టించుకోరు అని సంతాప సభలో లక్ష్మీపతి మైకు పట్టుకుని కళ్ళు తుడుచుకున్నాడు. అందరూ అదే నమ్మారు. కావ్యశ్రీ కూడా నమ్మింది.

జూన్‌లో ఒకరోజు ఆయన ఆమెను లోపలికి పిలిచాడు. పక్కన ఉమ కూర్చుని ఉంది. ఉమ ఆయన మరదలు, కంపెనీలో హెచ్ఆర్ అంతా ఆమే.

"ఒక పుణ్యం పని ఉండాదమ్మా" అన్నాడు లక్ష్మీపతి. "ఆ శశికాంత్ పేరు నిలబెట్టాల. పిల్లగాడు మన కంపెనీ బిడ్డ. మెమోరియల్ స్కాలర్‌షిప్ ఒకటి, మెమోరియల్ క్రికెట్ కప్ ఒకటి, రక్తదానం క్యాంపు ఒకటి. ఒక్కోదానికి ఒక పేజీ చెయ్యి. బాగుండాల, బొమ్మలు పెట్టు."

"శశికాంత్ క్రికెట్ ఆడెటోడా సర్?"

"ఆడకపోతే ఏమమ్మా, ఆడేవాళ్ళు ఆడతారు. పేరు ఆయనది."

శశికాంత్ జన్మలో బ్యాట్ పట్టుకున్నవాడు కాదు. అయినా మనవాళ్ళకి ఇది అలవాటే. మనిషి బతికుండగా ఏం కావాలో అడగరు, పోయాక కప్పు మీద పేరు చెక్కిస్తారు.

"టైటిల్స్ మాత్రం నేను చెప్పినట్టే పెట్టవే" అంది ఉమ. "ముందు శశికాంత్ పూర్తి పేరు. ఆ వెంటనే కుందేరు సిస్టమ్స్. ఆ తర్వాత ఏదైనా పెట్టుకో. ప్రతి పేజీకీ అంతే."

కావ్యశ్రీ తల గోక్కుంది. "అక్కా, అట్ల పెడితే పని జేయదు. క్రికెట్ ఆడెటోడు హెర్న్‌డన్ క్రికెట్ టోర్నమెంట్ అని కొడతడు. స్కాలర్‌షిప్ కావాల్సినోడు స్కాలర్‌షిప్ అని కొడతడు. చచ్చిపోయినోని పేరూ కంపెనీ పేరూ కలిపి ఎవరు కొడతరు?"

ఉమ బావ మొహం చూసింది. లక్ష్మీపతి కాయితాలు సర్దుకున్నాడు.

"చెప్పింది చెయ్యవే తల్లీ" అంది ఉమ. "నీ ఎక్స్‌టెన్షన్ ఫైలు మీద కూడా తొందర్లోనే కదా బావ సంతకం పెట్టాల్సింది? గుర్తుందా?"

గుర్తులేకపోవడమేమిటి. ఆమె వీసా గడువు ఆగస్టు ఆఖరుతో అయిపోతుంది. ఆ ఫైలు మీద కంపెనీ సంతకం పడితే ఈ దేశంలో ఉంటుంది, లేకపోతే లేదు.

తన సీట్లోకొచ్చి కూర్చుంది గానీ ఆ ప్రశ్న వదల్లేదు. టైటిల్ చూస్తే ఎవరి కోసం రాశారో తెలిసిపోతుంది, ఆమె నేర్చుకున్న విద్య అదే. మరి ఈ టైటిల్ ఎవరి కోసం? ఆ రెండు పేర్లూ కలిపి వెతికేవాళ్ళు ఎవరో ఒకరు ఉన్నారు, వీళ్ళకి వాళ్ళంటే భయం. కావ్యశ్రీ తనే ఆ రెండు పేర్లూ కలిపి కొట్టింది.

మొదట సంతాప సభ ఫోటోలు వచ్చాయి. తర్వాత తెలుగు సంఘం వాళ్ళ వార్త. దాని కింద మూడో వరుసలో, నీలం అక్షరాల్లో, ఒకే ఒక్క మాట: "శ్రీరామ."

ఏ గుడివాళ్ళ పేజీయో అనుకుని దాటేసేదే. కింద సన్నటి అక్షరాల్లో శశికాంత్ పేరు కనబడబట్టి నొక్కింది.

అది అతని భార్య విజయశ్రీ రాసిన పేజీ. ఉచితంగా దొరికే బ్లాగు. టైటిల్ రాయాల్సిన గడి అన్నిటికంటే పైన ఉంటుంది కదా, ఆమె ఉత్తరం మొదలుపెట్టినట్టు, పరీక్ష పేపరు మొదలుపెట్టినట్టు, అక్కడ శ్రీరామ అని రాసి తన గోడు కిందికి దించుకుంది. దాంతో ఆ పేజీ లోకానికి రామకోటి పుస్తకంలా కనబడుతోంది. దేవుడి మీద భక్తితో తన మొగుడి చావుని తనే మూసిపెట్టుకుంది. ఆ సంగతి ఆమెకి తెలియదు.

కింద ఆమె ఇంగ్లీషులో రాసింది. తడబడుతూ రాసింది గానీ సూటిగా రాసింది. నా భర్త నొప్పి మొదలైనరోజే క్లినిక్‌కి వెళ్ళాడు. కౌంటర్లో ఇన్సూరెన్స్ కార్డు పనిచేయడం లేదన్నారు. బెంచ్ మీదికి వచ్చిన నెలాఖరునే కంపెనీ దాన్ని ఆపేసిందని అప్పుడు తెలిసింది. బిల్లుకి భయపడి ఇంటికొచ్చేశాడు. మాత్రలు మింగి పడుకున్నాడు. కంపెనీవాళ్ళని అడిగితే, ఇన్సూరెన్స్ ఆగిపోతుందని బెంచ్ మీదికొచ్చిన ప్రతివాళ్ళకీ ఫోన్ చేసి చెబుతాం, అతనికీ చెప్పాం, అతనే పట్టించుకోలేదు అంటున్నారు. తనకి ఎవరూ చెప్పలేదని నా భర్త నాతో అన్నాడు. లేబర్ డిపార్ట్‌మెంట్‌కి కంప్లయింట్ ఇస్తే వాళ్ళకీ అదే రాసిచ్చారు. నా మాట ఒక్కటే అయితే నిలబడదట. మీకు కూడా ఇలాగే చెప్పకుండా తీసేసి ఉంటే దయచేసి నాకు రాయండి. ఒక్కరు చాలు.

కింద కామెంట్లు సున్నా.

కావ్యశ్రీ పర్సులో చెయ్యి పెట్టింది. ఇన్సూరెన్స్ కార్డు వెనకాల ఫోన్ నంబరు ఉంది. దాన్ని చూసి మళ్ళీ పర్సులో పెట్టేసుకుంది. తను బెంచ్ మీదికొచ్చినప్పుడు తనకి ఎవరు ఫోన్ చేశారు? ఎవరూ చేయలేదు. అంటే తనది ఆపలేదేమో. ఆపలేదనే అనుకుంది. ఆ నంబరుకి ఫోన్ చేయనంతకాలం అలా అనుకోవచ్చు కదా.

ఆ వారమంతా ఆమె పేజీలు చేసింది. చేయనని చెప్పి బయటికి నడిచిందని రాస్తే బాగుండేది, నడవలేదు. పని బాగా చేసింది, అదింకా పెద్ద దరిద్రం. ప్రతి పేజీకీ ముందు శశికాంత్ పేరు, పక్కన కుందేరు, ఆపైన కప్పు, స్కాలర్‌షిప్, రక్తదానం, స్నేహితుల జ్ఞాపకాలు, ఫోటోలు. ఒకదాని నుంచి ఇంకోదానికి దారులు వేసింది. తెలుగు సంఘం సైటులో లింకు పెట్టించింది. జూలై వచ్చేసరికి మొదటి పేజీ నిండా స్మారకాలే. "శ్రీరామ" రెండో పేజీ అడుక్కి వెళ్ళిపోయింది. అక్కడిదాకా ఎవడూ దిగడు.

"మా బంగారు తల్లి" అన్నాడు లక్ష్మీపతి. "కప్ రోజు కెమెరా తీసుకొని రా. ఆ అమ్మాయి విజయశ్రీ చేతులమీదుగా కప్ ఇప్పిస్తాండాం. ఆ ఫోటో పైన పెట్టాల."

కప్ శనివారం, స్టెర్లింగ్ పార్కులో, ఎండ మండిపోతుండగా జరిగింది. టెన్నిస్ బాల్ క్రికెట్. పక్కనే ఉన్న డల్లెస్ ఎయిర్‌పోర్టులో దిగే విమానాలు నెత్తి మీదుగా వెళ్తుంటే మైకు వినబడటం లేదు. గెలిచిన జట్టు కుర్రాళ్ళు శశికాంత్ ఎవరో కూడా తెలియనివాళ్ళు. టెంటు కింద సమోసాలు, మామిడిపండు రసం. విజయశ్రీ లేత బూడిదరంగు చుడీదార్‌లో వచ్చింది. భలే చిన్న పిల్ల. చేతిలో కప్పు పెట్టి లక్ష్మీపతి, "ఇట్ల తిరుగమ్మా, కెమెరా వైపు. కొంచెం నవ్వు. నీ మొగుడు పైనుంచి చూస్తాంటాడు" అన్నాడు.

ఆమె నవ్వింది. కావ్యశ్రీ ఫోటో తీసింది.

తర్వాత విజయశ్రీ ఒక్కతే నీళ్ళ డబ్బా దగ్గర నిలబడి ఉంటే కావ్యశ్రీ దగ్గరికెళ్ళింది. ఏమనాలో తెలియక, "నేను కంపెనీల పనిజేస్త అక్కా. శశికాంత్ నాకు తెలుసు" అంది.

"మైక్రోవేవ్ అమ్మాయివి నువ్వేనా?" అంది విజయశ్రీ. "చెప్పేవాడు. ఒక జగిత్యాల అమ్మాయి నన్ను చూసి నవ్వుతుంటుంది, ఉద్యోగం రానీ అప్పుడు చెప్తా దాని పని అని."

కావ్యశ్రీ గ్లాసులో నీళ్ళు పట్టుకుంది గానీ తాగలేదు.

"మా మామగారు తెనాలి నుంచి ఫోన్ చేశారు" అంది విజయశ్రీ. "ఇంటర్నెట్ సెంటర్‌కెళ్ళి ఈ పేజీలన్నీ చూశారట. కొడుకు పేరు కొడితే వరసగా స్కాలర్‌షిప్పులూ కప్పులూ వస్తుంటే ఏడ్చారట పాపం. లక్ష్మీపతి గారు దేవుడమ్మా, వాడి పేరు ఇంతగా నిలబెడుతుంటే నువ్వు కంప్లయింట్లేంటి, ఆ రాసిందేదో తీసెయ్యి అంటున్నారు. సోమవారం తీసేద్దామనుకుంటున్నా. ఆయన వీసా పోయాక నా వీసా కూడా లేనట్టే, ఈ నెలాఖరుకి నేనూ వెళ్ళిపోవాలి."

"తీసేస్తవా?"

"ఎవరూ రాయలేదు కదా మరి. ఒక్కళ్ళు. ఒక్కళ్ళు కూడా రాయలేదు." ఆమె గొంతు తగ్గించింది. "నీకో మాట చెప్పనా? ఆయనకి చెడ్డ కబురు దాచే అలవాటు. ప్రాజెక్టు పోయిన సంగతి కూడా నాకు వారం తర్వాత చెప్పాడు. ఇదీ అంతేనేమో. కంపెనీవాళ్ళు ఫోన్ చేసే ఉంటారు, నేను కంగారుపడతానని దాచుంటాడు. లేకపోతే ఇంతమంది ఉన్నారు, ఇంకొకళ్ళకి జరగదా? నా మొగుడే నాకు అబద్ధం చెప్పాడేమో అని ఇప్పుడిప్పుడే అనిపిస్తోంది. అదే నిద్రపోనివ్వట్లేదు. చావు కాదు."

టెంటు దగ్గర కుర్రాళ్ళు కప్పులో స్ప్రైట్ పోసుకుని తాగుతూ అరుస్తున్నారు.

"అక్కా, ఎవరూ రాయలేదంటే ఎవరూ చూడలేదన్నట్టు" అంది కావ్యశ్రీ. "నీ పేజీ ఎవరికీ కనబడదు. టైటిల్ల నువ్వు శ్రీరామ అని పెట్టినవ్. గుడి అనుకొని పోతరు. అది సగం. మిగతా సగం నేను."

"నువ్వేంటి?"

"ఈ పేజీలన్నీ నేనే జేసిన. నీది కిందికి పోవాల్నని చేయించిండ్రు. నాకు తెలిసే జేసిన."

విజయశ్రీ ఆమె మెడలోని కెమెరా వైపు చూసింది. తిడుతుందేమో అనుకుంది కావ్యశ్రీ. తిడితే బాగుండుననుకుంది.

"ఫోటో కూడా నువ్వే తీశావు" అంది విజయశ్రీ. "నవ్వమంటే నవ్వాను."

"ఆ ఫోటో నేను పెట్ట."

"పెట్టకపోతే ఏమైంది, నవ్వడం అయితే నవ్వాను కదా."

మర్నాడు ఇద్దరూ హెర్న్‌డన్ లైబ్రరీలో కూర్చున్నారు. రమ్మన్నది కావ్యశ్రీయే. వస్తుందని అనుకోలేదు, వచ్చింది. పిల్లల పుస్తకాల పక్కన ఒక కంప్యూటర్ ఖాళీగా ఉంటే ఇద్దరూ రెండు కుర్చీలు లాక్కుని కూర్చున్నారు.

"శ్రీరామ తీసేయాలా?" అంది విజయశ్రీ. చెయ్యి ఆడటం లేదు.

"తీసేయొద్దు. లోపలికి దింపుదాం. పేజీల పైన్నే ఉంటది. టైటిల్ల మాత్రం వెతికేటోని మాటలుండాలె."

"ఆయన పేరు పెట్టనా?"

"ఆయన పేరు ఎవరికి తెలుసు అక్కా? పేరు మీద పోటీకి పోతే గెలువం, ఆ పేర్లన్నీ నేనే నింపి పెట్టిన. మన మనిషెవరు? బెంచ్ మీదున్నోడు. ఒంట్ల బాగలేదు, కార్డు పని జేస్తలేదు. కౌంటర్ నుంచి వాపస్ వచ్చిండు. ఇంట్ల కూసొని కంప్యూటర్ తెరిచిండు. అప్పుడు వాడు ఏం కొడతడు?"

విజయశ్రీ కీబోర్డు మీది చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కావ్యశ్రీ, తను అడిగింది ఏమిటో అప్పుడు తెలిసి, నాలుక కరుచుకుంది.

"నేను చూశాను" అంది విజయశ్రీ. "క్లినిక్ నుంచి వచ్చి మంచం మీద కూర్చుని లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒక చెయ్యి కడుపు మీద ఉంది. నేను మజ్జిగ తెచ్చాను, అప్పుడు స్క్రీన్ మీద చూశాను. హెచ్-వన్, బెంచ్ మీద, హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు పనిచేయడం లేదు, ఆస్పత్రికి వెళ్ళొచ్చా అని కొట్టాడు. ఏం వచ్చిందో చదివాడు. ఏమొచ్చింది, అన్నీ ఇన్సూరెన్స్ అమ్మేవాళ్ళు. మళ్ళీ కొంచెం మార్చి కొట్టాడు. మళ్ళీ అవే. ఎమర్జెన్సీకి వెళ్తే డబ్బు లేకపోయినా చూడాలట కదా, అలాంటి రూలుందట కదా? తర్వాత ఎవరో చెప్పారు. ఆ మాట ఒక్కటి పైనే కనబడుంటే."

పక్కన ఒక తల్లి పిల్లవాడికి కప్ప బొమ్మల పుస్తకం చదివి వినిపిస్తోంది.

"అదే కొట్టు అక్కా" అంది కావ్యశ్రీ. "ఆయన కొట్టిన మాటలే కొట్టు. మొదటి లైన్ల జవాబు పెడదాం. కార్డు లేకున్నా ఎమర్జెన్సీకి పో, చూడకుండ పంపియ్యరాదు అని. తర్వాత నీ సంగతి. చివర కంపెనీ పేరు."

విజయశ్రీ ఒక్కొక్క అక్షరమే కొట్టింది. చచ్చిపోయినవాడి ఆఖరి ప్రశ్న ఆ గడిలో కూర్చుంది. కావ్యశ్రీ ఒక్క మాట కూడా మార్చలేదు. మార్చడానికేముంది, ఆమె నేర్చుకున్నదంతా దానిముందు చెత్త.

"నీకెప్పుడైనా చెప్పారా?" అంది విజయశ్రీ ఉన్నట్టుండి. "నువ్వూ బెంచ్ మీదే కదా. ఇన్సూరెన్స్ ఆపేస్తాం అని నీకు ఫోన్ చేశారా?"

"నాకు... తెల్వది. చూడాలె" అంది కావ్యశ్రీ, లేచి నిలబడి.

బయట పార్కింగ్‌లో కార్డు వెనక నంబరుకి ఫోన్ చేసింది. అవతల ఒక ఆవిడ ఎంతో మర్యాదగా, మీ కవరేజీ ఫిబ్రవరి ఆఖరుతో ముగిసింది, ఇంకేమైనా సాయం కావాలా అని అడిగింది. కావ్యశ్రీ థాంక్యూ అంది. ఫిబ్రవరి నుంచి ఆమె మంచు మీద కారు నడిపింది, గెస్ట్‌హౌస్‌లో జ్వరం వచ్చి పడుకుంది. ఏమీ జరగలేదు కాబట్టి బతికుంది.

లోపలికి తిరిగి వెళ్ళింది. విజయశ్రీ తలెత్తి చూసింది. "సండే కదా, ఎత్తలేదు" అంది కావ్యశ్రీ.

అంత సులువుగా అబద్ధమాడింది. ఫైలు మీద సంతకం ఇంకా పడలేదు మరి. ఆ ఒక్కరు తనే అని చెబితే పేరు రాయాలి, పేరు రాస్తే కంపెనీకి నోటీసు వెళ్తుంది. టైటిల్ మార్చి ఇచ్చాను కదా, ఇంకెవరో చూస్తారు, ఇంకెవరో రాస్తారు అనుకుంది. ప్రతి గెస్ట్‌హౌస్‌లో ప్రతివాడూ ఇదే అనుకుంటాడు, లక్ష్మీపతులు బతికేది దీనిమీదే.

పేజీ పైకొచ్చింది. పదిరోజులు కూడా పట్టలేదు. కార్డు, బెంచ్, హెచ్-వన్ అని ఎలా కలిపి కొట్టినా అది పైవరసల్లోనే ఉంది. కామెంట్లు వచ్చాయి. టెక్సాస్ నుంచి ఒకడు, న్యూజెర్సీ నుంచి ఒకావిడ. అందరూ వేరే కంపెనీలవాళ్ళు. కుందేరు నుంచి ఎవరూ లేరు. పేరు లేకుండా ఒకడు, "అక్కా మీరు చెప్పింది నిజం, కానీ నేను చెప్పలేను" అని రాసి పోయాడు. వాడు ఏ గదిలో పడుకుంటాడో కావ్యశ్రీ ఊహించగలదు.

లక్ష్మీపతి పిలిచాడు. ఉమ లేదు. టేబుల్ మీద ఆమె ఎక్స్‌టెన్షన్ ఫైలు ఉంది. కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పి ఉంది.

"ఈ టైటిల్ ఆ పిల్ల రాసింది కాదమ్మా" అన్నాడు. కోపం లేదు గొంతులో. "వెతికేవాడి మాటలు ముందు, కంపెనీ పేరు చివర. ఎవరు చెప్పినారు నాకు ఈ పాఠం?"

కావ్యశ్రీ టేబుల్ మీది ఫైలు వైపు చూసింది.

"సరే, అయిందేదో అయింది. చిన్నపిల్లవు, జాలిపడినావు. ఇప్పుడు ఏం చేస్తావంటే, ఇదే మాటల మీద మనం ఒక ఇరవై పేజీలు దించుదాం. బెంచ్ మీద ఇన్సూరెన్స్, కుందేరు వాళ్ళ సేవలు, అట్ల. కిందికి తోసేయాల. సాయంత్రానికి మొదలుపెట్టు, నేను ఇది పెట్టేస్తా." పెన్ను మూత తీశాడు.

"సర్, నా కార్డు గూడ పని జేస్తలేదు. ఫిబ్రవరి నుంచి."

పెన్ను ఆగింది. "ఉమతో చెప్తాలే. రేపే చేయిస్తా. నీకెందుకు దిగులు?"

"నాకు చేయిస్తరు. గెస్ట్‌హౌస్‌ల ఉన్నోళ్ళకు?"

"నీ పని నువ్వు చూసుకోమ్మా. దేశం గాని దేశంలో ఎవరి పని వాళ్ళు చూసుకుంటేనే బతుకుతాం."

"నాకు ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు సర్. ఒక్కరు గూడ చెప్పలేదు. అందరికీ చెప్తం అని మీరు లేబర్ డిపార్ట్‌మెంటోళ్ళకు రాసిచ్చిండ్రు."

లక్ష్మీపతి పెన్ను మూత పెట్టేశాడు. ఫైలు సొరుగులోకి తోశాడు. "నువ్వు చానా తెలివైనదానివనుకున్నా" అన్నాడు.

కావ్యశ్రీ మెట్లు దిగింది. పళ్ళ డాక్టరు బోర్డు కింద గోడకి ఆనుకుని విజయశ్రీకి ఫోన్ చేసింది. వెనక ఏదో టేపు చింపుతున్న చప్పుడు. సామాన్లు సర్దుకుంటోంది.

"అక్కా, ఆ రోజు నీకు అబద్ధం చెప్పిన. ఫోన్ ఎత్తిండ్రు. నాది గూడ ఆపేసిండ్రు. నాకూ ఎవ్వరూ చెప్పలేదు. నా పేరు రాసుకో, ఇంటిపేరుతోటి రాసుకో, అడ్రసు గూడ చెప్త. ఆఫీసర్ పిలిస్తే వస్త."

అవతల టేపు చప్పుడు ఆగిపోయింది.

"నీకూ చెప్పలేదా?" అంది విజయశ్రీ.

"చెప్పలేదు."

"ఫోన్ గానీ, మెయిల్ గానీ, ఏదీ?"

"ఏదీ లేదక్కా."

"అయితే ఆయన నా దగ్గర దాచలేదు" అంది విజయశ్రీ. "ఆయనకి కూడా చెప్పలేదు వాళ్ళు. నాతో నిజమే చెప్పాడు." మళ్ళీ మళ్ళీ అదే అంటోంది. కావ్యశ్రీ ఫోన్ చెవికి పెట్టుకుని ఆమె ఏడుపు అయ్యేదాకా ఎండలో నిలబడింది. పైన కిటికీలోంచి లక్ష్మీపతి ఎవరితోనో మాట్లాడుతున్న గొంతు వినబడుతోంది, మధ్యలో తన పేరు కూడా.

"ఉన్నావా?" అంది విజయశ్రీ ముక్కు చీదుకుని. "ఉండు, పెన్ను ఎక్కడో డబ్బాలో పెట్టేశాను. ఫోన్ పెట్టేయకు."

"పెట్టేయను" అంది కావ్యశ్రీ.